మతాల పాఠం చెప్పేదెట్లా: ప్రభుత్వ హైస్కూలు సోషల్ టీచర్లకు

సోషల్ పుస్తకంలో మతాల పాఠం వచ్చిందంటే చాలా బడుల్లో ఒకే తంతు. ఒక్క పీరియడ్‌లో గబగబా చదివించేసి, స్థాపకుడు, గ్రంథం, పవిత్ర స్థలం అని మూడు గడుల పట్టిక బోర్డు మీద గీసి, "బిట్లు ఇక్కణ్నుంచే వస్తాయి" అని ముగించేస్తారు. ఏం మాట్లాడితే ఎవరికి కోపమొస్తుందో, ఏ తండ్రి హెచ్ఎం గదికి వస్తాడో అని బెరుకు. చట్టం ఏమంటుందో తెలియక సగం బెరుకైతే, వాక్యం ఎట్లా కట్టాలో తెలియక మిగతా సగం. రెండూ నేర్చుకుంటే వచ్చేవే.

కర్నూలు, అనంతపురం, కడప వైపు జడ్పీ, మున్సిపల్, మోడల్ స్కూళ్లలో, కస్తూర్బా బాలికల బడుల్లో (కేజీబీవీ) ఎనిమిది, తొమ్మిది తరగతులకు సోషల్ చెప్పేవాళ్ల కోసం ఇది. ఎయిడెడ్ మిషన్ స్కూళ్లకు, దేవస్థానాల బడులకు నియమాలు కొంచెం వేరు కాబట్టి వాటి జోలికి పోలేదు. మొత్తం ఎనిమిది పీరియడ్లు చాలు, ఒక్కోటి 45 నిమిషాలు. వరసగా ఎనిమిది రోజులు వద్దు. వారానికి రెండు చొప్పున నాలుగు వారాలు పెట్టుకుంటే పిల్లలు ఇంటికాడ అడిగి తెలుసుకోవడానికి సందు దొరుకుతుంది.

చట్టం ఎక్కడిదాకా ఒప్పుకుంటుంది

రాజ్యాంగం 28వ అధికరణం మొదటి క్లాజు ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మత బోధన ఉండకూడదు. మతాల గురించి చెప్పడం మత బోధన కిందికి రాదు. 1964-66 నాటి కొఠారీ విద్యా కమిషనే ఈ రెంటికీ తేడా చూపించింది. 2002 సెప్టెంబరు 12న అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి చదివించడం రాజ్యాంగానికి విరుద్ధం కాదని తేల్చింది. అంతకుముందు 1971లో పంజాబ్ డీఏవీ కాలేజీ కేసులో, గురునానక్ జీవితాన్ని, బోధనల్ని విద్యా విషయంగా చదవడం మత బోధన కాదని చెప్పింది. కాబట్టి పాఠం చెప్పడానికి భయపడాల్సిన పని లేదు. అది హద్దు దాటకుండా చూసుకోవాలి, అంతే.

హద్దు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఏ యాక్టివిటీ పెట్టే ముందైనా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో పిల్లవాడు ఏదైనా పూజ, ప్రార్థన, పారాయణం తానే చేయాల్సి వస్తుందా? టీచరు నోటి నుంచి "ఇది నిజం" లేదా "ఇది అబద్ధం" అని రావాల్సి వస్తుందా? పిల్లవాడు తన మతం ఏదో బయటపెట్టాల్సి వస్తుందా? ఏ ఒక్కదానికి "అవును" అని వచ్చినా ఆ యాక్టివిటీ మార్చేయండి. నమాజులో ఏమేం భాగాలుంటాయో బొమ్మ గీసి చెప్పవచ్చు, పిల్లల్ని వరసలో నిలబెట్టి చేయించకూడదు. ఒక కీర్తన, ఒక అజాన్, ఒక చర్చి పాట, ఒక్కోటి రెండు నిమిషాలు క్లాసులోని డిజిటల్ ప్యానెల్ మీద వినిపించవచ్చు, అందరి చేతా పాడించకూడదు. నాటకాల్లోనే ఎక్కువమంది జారిపడతారు. దేవుడి వేషమో, ప్రవక్త వేషమో వేయించే నాటకం ఏ మతానికీ పెట్టొద్దు. మహమ్మద్ ప్రవక్త విషయంలోనైతే బొమ్మ, వేషం రెండూ పూర్తిగా పక్కన పెట్టాలి. ఇంటర్నెట్‌లో దొరికిందని ఏదో బొమ్మ ప్యానెల్ మీద వేస్తే ఆ రోజుతో పాఠం ఆగిపోయినట్టే.

పొద్దున అసెంబ్లీ పాటలు, స్టాఫ్‌రూమ్‌లో పటాలు వేరే గొడవ. దాన్ని ఈ పాఠంతో కలపొద్దు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి: 1986లో కేరళ పిల్లల కేసులో, జాతీయ గీతం వచ్చినప్పుడు మర్యాదగా నిలబడి, మత విశ్వాసం వల్ల పాడకుండా ఉన్న పిల్లల్ని బడి నుంచి తీసేయడం తప్పని సుప్రీంకోర్టు చెప్పింది. నోరు మెదపని పిల్లవాణ్ని అందరి ముందు నిలదీయడానికి ముందు ఆ తీర్పు తలుచుకోవడం మంచిది.

"మీది ఏ మతం?" అని అడగొద్దు

ఈ పాఠంలో అన్నిటికంటే పెద్ద పొరపాటు మొదటి ఐదు నిమిషాల్లోనే జరుగుతుంది. "క్లాసులో హిందువులెంతమంది, చేతులెత్తండి. ముస్లింలు? క్రిస్టియన్లు?" చాలామందికి ఇది మామూలు ప్రశ్న. మన పల్లెల్లో అది మామూలు ప్రశ్న కాదు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట దాదాపు హిందువులకే ఉండేది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఆ హోదా లేదు. ఆదివారం చర్చికి పోయే ఎస్సీ కుటుంబాలు, సర్టిఫికెట్‌లో హిందువని ఉన్నవి, చాలా మండలాల్లో ఉన్నాయి. ఆ ఇంటి పిల్ల "క్రిస్టియన్" అన్నప్పుడు చెయ్యెత్తితే ఇంటి కాగితాల సంగతి నలభై మంది ముందు పెట్టినట్టు. ఎత్తకపోతే పక్కనున్న పిల్ల "నువ్వు చర్చికి పోతావు కదే" అంటుంది. రెండింట్లో ఏది జరిగినా ఆ పిల్ల మిగతా ఏడు పీరియడ్లూ తలెత్తదు.

తెలుగు మాట్లాడే ముస్లింలైన దూదేకుల పిల్లలది ఇంకో ఇబ్బంది. ఇంట్లో తెలుగే, పేర్లు కొన్ని తెలుగు పేర్లలాగే ఉంటాయి. అందుకే "మీరు సగం ముస్లింలా?" అని తోటి పిల్లలే అంటారు, ఒక్కోసారి టీచర్లూ అంటారు. పేరు చూసి మతం ఊహించడం ఈ సీమలో అసలు కుదరదు. అనంతపురం వైపు కుళ్లాయప్ప, ఫకీరప్ప, హుస్సేనప్ప అనే పేర్లున్న హిందువులు ఎందరో. పీర్ల దగ్గర మొక్కుకుని పుట్టిన పిల్లలకు పెట్టిన పేర్లవి. హాజరు పట్టీ చూసి "నువ్వు చెప్పమ్మా, రంజాన్ గురించి" అని లేపడం ఈ కారణాలన్నిటి వల్లా తప్పు. పైగా పదమూడేళ్ల పిల్లను ఒక మతానికంతటికీ ప్రతినిధిగా నిలబెట్టినట్టు అవుతుంది. తనంతట తాను "మా ఇంట్లో ఇట్లా చేస్తాం మేడమ్" అని చెబితే వినండి, కృతజ్ఞత చెప్పండి, ముందుకు పొండి.

ముందు రెండు వారాల పని

హెచ్ఎంకు నోటి మాటగా కాదు, రాతలో చెప్పండి. ఎనిమిది పీరియడ్ల లెసన్ ప్లాన్ ఒక కాపీ ఆఫీసులో ఉండాలి. పేరెంట్స్ కమిటీ మీటింగులో ఒక అంశంగా పెట్టించి, ఐదు నిమిషాల్లో చెప్పేయండి: అన్ని మతాల గురించి సమాచారం చెబుతున్నాం, పూజలు, ప్రార్థనలు చేయించడం లేదు, ఎవరి మతాన్నీ అడగడం లేదు. ఉర్దూ చదివే తల్లిదండ్రులున్న చోట నోటు ఉర్దూలో కూడా రాయించండి. బడిలో ఉర్దూ టీచరుంటే అరగంట పని.

తేదీలు చూసుకోండి. వినాయక నిమజ్జనం, మిలాదున్నబీ ఊరేగింపు దగ్గర దగ్గరగా పడే ఏడాదుల్లో ఆ వారం ఈ పాఠం వద్దు. ఎన్నికల ముందు నెల కూడా వద్దు. పాఠంలో తప్పేం లేకపోయినా ఊళ్లో మాట వేరే రూపంలో తిరుగుతుంది.

సామాను పెద్దగా అక్కర్లేదు. నాలుగు డ్రాయింగ్ షీట్లు, స్కెచ్ పెన్నులు, ప్రశ్నలు వేయడానికి అట్టపెట్టె ఒకటి, ఏ4 కాగితం నాలుగు ముక్కలుగా చింపిన చీటీలు తలా రెండు. ఇంట్లో నుంచి దేవుడి బొమ్మలు, గ్రంథాలు తెమ్మని చెప్పొద్దు. ఖురాన్ పట్టుకోవడానికి, గురుగ్రంథ్ సాహిబ్ ఉంచడానికి పాటించే నియమాలుంటాయి. బెంచీ మీద టిఫిన్ డబ్బా పక్కన పెట్టారంటే ఆ ఇంటివాళ్లకు బాధ కలుగుతుంది. ఫొటోలు చాలు.

మొదటి పీరియడ్: ఎర్రగుడి రాయి

"అన్ని మతాలూ ఒక్కటే చెబుతాయి" అని మొదలుపెట్టడం చాలామందికి అలవాటు. మానుకోవాలి. వినడానికి బాగుంటుంది గానీ అది కూడా ఒక మత అభిప్రాయమే. అట్లా ఒప్పుకోని భక్తులు ప్రతి మతంలోనూ కోట్లమంది ఉన్నారు. పునర్జన్మ ఉందనేవాళ్లు, లేదనేవాళ్లు ఒక్కటే ఎట్లా చెబుతున్నారని తెలివైన పిల్లవాడు అడిగితే జవాబుండదు. తేడాలున్నాయని ముందే ఒప్పుకుని, తేడాలున్నవాళ్లు ఒకే ఊళ్లో ఎట్లా మాట్లాడుకోవాలో అక్కణ్నుంచి మొదలుపెడితే పాఠం నిలబడుతుంది.

దానికి ఎక్కడికో పోనక్కర్లేదు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో, ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దానివి, బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. పెద్ద శిలాశాసనాలు పద్నాలుగూ ఇక్కడున్నాయి. వాటిలో 12వది పూర్తిగా మన పాఠానికి సంబంధించిందే. దాని సారం ఇది: రాజు అన్ని మతాల సన్యాసుల్ని, గృహస్థుల్ని గౌరవిస్తాడు. దానాల కంటే ప్రతి మతంలోని సారం పెరగడమే ముఖ్యం. దానికి మూలం నాలుకను అదుపులో పెట్టుకోవడం, అంటే సందర్భం లేకుండా తన మతాన్ని పొగడకపోవడం, ఎదుటివాడి మతాన్ని తక్కువ చేయకపోవడం. తన మతం మీది మోజుతో ఎదుటి మతాన్ని నిందించేవాడు తన మతానికే ఎక్కువ చెరుపు చేస్తాడు. ఒకరి ధర్మాన్ని ఒకరు వినాలి.

ఈ ఐదు వాక్యాలూ డ్రాయింగ్ షీటు మీద రాసి గోడకు అంటించండి. క్లాసు నియమాలు టీచరు పెట్టినవి కాక, పక్క మండలంలో 2,200 ఏళ్లుగా ఉన్న రాయి మీద మాటలని తెలిస్తే పిల్లలు వేరేగా వింటారు. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎద్దులతో దున్నినట్టు రాసి ఉన్నాయి: ఒక వరస ఎడమ నుంచి కుడికి, తర్వాతిది కుడి నుంచి ఎడమకు. పిల్లల చేత తమ పేరు అట్లా రెండు వరసల్లో రాయించండి, పది నిమిషాలు హాయిగా గడిచిపోతాయి. మిగతా సమయంలో రెండు మూడు నియమాలు వాళ్ల చేతే రాయించండి. "మా" అని చెప్పవచ్చు, "మీ" అని వేలు చూపించకూడదు అనేది తప్పకుండా ఉండాలి. "తురకోళ్లు" లాంటి మాటలు ఊళ్లో వాడుకలో ఉన్నా క్లాసులో "ముస్లింలు" అనే అనాలి. ఇదీ రాయించండి.

వాక్యం ఎట్లా కట్టాలి

టీచరు చెప్పే ప్రతి నమ్మకానికీ కర్త ఉండాలి. "ఖురాన్ దేవుడి వాక్కు" అనకుండా "ఖురాన్ దేవుడి వాక్కని ముస్లింలు నమ్ముతారు" అనాలి. "ఏసు మూడో రోజు లేచాడు" బదులు "లేచాడని క్రైస్తవుల విశ్వాసం" అనాలి. రాముడి గురించైనా, బుద్ధుడి పూర్వజన్మల గురించైనా ఇదే వాక్యం. ఇక్కడే జారిపోతాం. ఇతర మతాలకు "నమ్ముతారు", సొంత మతానికి మాత్రం సూటిగా "జరిగింది" అని మనకు తెలియకుండానే వచ్చేస్తుంది. "మన పండగలు, వాళ్ల పండగలు" అన్నా అంతే. ఒక పీరియడ్ ఫోన్‌లో మీ మాటలు మీరే రికార్డు చేసుకుని ఇంటికి పోయి వినండి, ఎక్కడ మారిందో తెలుస్తుంది. చరిత్ర మాత్రం సూటిగానే చెప్పండి: మహమ్మద్ ప్రవక్త మక్కా నుంచి మదీనాకు తరలిపోయిన హిజ్రా 622లో, గురునానక్ పుట్టింది 1469లో, సిక్కుల ఖాల్సా ఏర్పడింది 1699లో, అంబేడ్కర్ నాగపూర్‌లో బౌద్ధం తీసుకుంది 1956 అక్టోబరు 14న.

రెండు నుంచి ఐదు పీరియడ్లు: పట్టిక, దాని చిల్లులు

స్థాపకుడు, గ్రంథం, స్థలం అనే పట్టిక ఇస్లాంకు, క్రైస్తవానికి సరిపోయే కొలత. మిగతావాటికి అది చిరుగుతుంది. హిందూ మతానికి స్థాపకుడి గడి ఖాళీగానే ఉండాలి. అక్కడ ఎవరి పేరో ఒకటి నింపడం తప్పు. జైనానికి మహావీరుడు స్థాపకుడని రాసేస్తారు, ఆయన 24వ తీర్థంకరుడు, మొదటివాడు ఋషభనాథుడు. బౌద్ధంలో సృష్టికర్తయిన దేవుడి గడి నిండదు. పట్టిక వేయండి గానీ ఎక్కడ నిండలేదో అదే పాఠం అనుకోండి. నిలువు గడులు ఇవి సరిపోతాయి: మొదలు, గ్రంథాలు, దేవుడి గురించి ఏమంటారు, రోజువారీ ఆచారం, తిండి నియమాలు, పుట్టుక, పెళ్లి, చావు, లోపలి శాఖలు. చివరి గడి వదలొద్దు. ముస్లింలంటే అందరూ ఒకటే, క్రైస్తవులంటే అందరూ ఒకటే అనుకోకుండా ఆపేది అదే.

హిందూ మతం చెప్పేటప్పుడు టీచరు ఇంటి ఆచారమే మొత్తం మతమైపోయే ప్రమాదముంది. శైవ, వైష్ణవ, వీరశైవ సంప్రదాయాలెంతో, సుంకులమ్మ, పెద్దమ్మ, మారెమ్మల జాతరలూ అంతే. "హిందువులు మాంసం తినరు" అని బోర్డు మీద రాస్తే, పోయిన వారమే జాతరలో పొట్టేలు కోసిన ఇంటి పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. గీతలో 18 అధ్యాయాలు, 700 శ్లోకాలు, వేదాలు నాలుగు లాంటి లెక్కలు ఎట్లాగూ పుస్తకంలో ఉంటాయి.

ఇస్లాంలో ముందు సరిచేయాల్సిన మాట "ముస్లింలు మహమ్మద్‌ను పూజిస్తారు". పూజించరు, ఆయన్ను ప్రవక్తగా గౌరవిస్తారు. ఐదు మూలస్తంభాల్లో జకాత్ అనే తప్పనిసరి దానాన్ని లెక్కల పీరియడ్‌లా చేయించండి: ఖర్చులు పోను మిగిలిన సొమ్ము నిర్ణీత మొత్తానికి తగ్గకుండా ఏడాది పాటు నిలిస్తే, ఆ సొమ్ము మొత్తంలో 2.5 శాతం, అంటే లక్షకు 2,500. మొహర్రం దగ్గర జాగ్రత్త కావాలి. అది 680లో కర్బలాలో మహమ్మద్ ప్రవక్త మనవడు హుస్సేన్ అమరుడైన సందర్భం. మన పల్లెల్లో పీర్ల చావిడి, గుండం, హిందువులే పీర్లెత్తడం, నార్పల మండలం గూగూడులో కుళ్లాయస్వామి దగ్గర జనం పోటెత్తడం అందరికీ తెలిసిన సంగతే. కానీ పీర్ల పండగ తమ మతంలో భాగం కాదనే ముస్లింలూ చాలామంది ఉన్నారు. "ఇదే ఇస్లాం" అనొద్దు, "ఇది తప్పు" అనొద్దు. "ఈ ప్రాంతంలో ఇట్లా జరుగుతుంది, కొందరు ముస్లింలు దీన్ని ఒప్పుకోరు" అని చెప్పండి.

క్రైస్తవంలో బైబిల్ పుస్తకాలెన్ని అని బిట్ పెడితే రెండు జవాబులూ సరే: ప్రొటెస్టెంట్లకు 66, క్యాథలిక్కులకు 73. గుడ్‌ఫ్రైడే రోజు "హ్యాపీ" అని చెప్పకూడదని పిల్లలకు చెప్పండి, అది ఏసును శిలువ వేసిన రోజు. సిక్కుల గురించి పిల్లలకు తలపాగా తప్ప ఏమీ తెలియదు. గురు గోవింద్ సింగ్ 1708లో చనిపోయింది మనకు పెద్ద దూరం కాని నాందేడ్‌లో అని మొదలుపెట్టి, అందరూ కింద కూర్చుని ఒకే పంక్తిలో తినే లంగర్ గురించి చెప్పండి. యూదులు, పార్సీలు సగం పీరియడ్‌తో సరి.

ఏ మతమూ లేనివాళ్లను వదిలేయొద్దు. ప్రపంచంలో దాదాపు నలుగురిలో ఒకరు ఏ మతానికీ చెందమని చెప్పేవాళ్లే. నాస్తికవాది గోరా 1940లో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం ఇప్పుడు విజయవాడలో ఉంది. వేమన పద్యాల్లో శిలల్ని, గుండ్లు గొరగడాన్ని ఎత్తిపొడిచినవి పిల్లలకు ముందే వచ్చు. మతాన్ని లోపలి నుంచే ప్రశ్నించిన సంప్రదాయం కదిరి దగ్గర కటారుపల్లెలో సమాధి ఉన్న ఈ వేమనదేనని అక్కడ గుర్తు చేయవచ్చు.

ఆరో పీరియడ్: పండగల తేదీలు

పిల్లలు బాగా మెచ్చే పీరియడ్ ఇది. ఎవరి నమ్మకమూ రాదు, లెక్కలే. బోర్డు మీద మూడేళ్ల తేదీలు రాయండి. రంజాన్ పండగ 2023లో ఏప్రిల్ 22, 2024లో ఏప్రిల్ 11, 2025లో మార్చి 31. ఉగాది 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30. ఈస్టర్ వరసగా ఏప్రిల్ 9, మార్చి 31, ఏప్రిల్ 20. ఏది ఎట్లా జరుగుతోందో పిల్లల్నే కనుక్కోమనండి.

రంజాన్ ఏటా 11 రోజులు వెనక్కి పోతోందని ఐదు నిమిషాల్లో పట్టేస్తారు. పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులు, మనది 365 రోజుల ఏడాది, తేడా 11. దాదాపు 33 ఏళ్లకు అన్ని ఋతువులూ తిరిగొస్తుంది. ఉగాది కూడా చంద్రుడి లెక్కే కదా, మరి ఒక ఏడు 18 రోజులు ముందుకు ఎందుకు పోయింది? ఇక్కడ ఆగి, ఎవరైనా పంచాంగం చూసే ఇంటి పిల్లలు "అధికమాసం" అనేదాకా ఆగండి. 2023లో అధిక శ్రావణం వచ్చింది. సుమారు 32, 33 నెలలకోసారి నెల కలిపి సూర్యుడి ఏడాదితో సరిచేసుకుంటాం. యూదులూ ఇదే పని చేస్తారు, 19 ఏళ్లలో ఏడుసార్లు. ఈస్టర్‌కేమో మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి తర్వాతి ఆదివారం, అందుకే అది మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్యే తిరుగుతుంది. చర్చి పౌర్ణమిని తన పట్టికతో లెక్కగడుతుంది కాబట్టి ఒక్కోసారి పంచాంగం పౌర్ణమికి ఒకటి రెండు రోజులు తేడా వస్తుంది. పిల్లలు పట్టుకుంటే తికమక పడొద్దు.

ఏడో పీరియడ్: బయటికి పోవడం

దగ్గర్లో చూపించడానికి చాలా ఉన్నాయి. ఎర్రగుడితో పాటు పత్తికొండ వైపు రాజుల మందగిరిలో అశోకుడి శాసనం. గుంతకల్లు దగ్గర కోనకొండ్ల, జైనాచార్యుడు కుందకుందుడి ఊరని చెప్పే చోటు. పెన్నా ఒడ్డున దానవులపాడులో రాష్ట్రకూటుల నాటి జైన శిథిలాలు. కడపలో పెద్ద దర్గా, ఉగాది రోజు ముస్లింలు దర్శనానికొచ్చే దేవుని కడప గుడి. ఎవరూ పూజ చేయని పాత స్థలాలతో మొదలుపెడితే చిక్కులు తక్కువ.

పూజ జరిగే చోటికి పోతే ప్రార్థన లేని వేళ చూసుకోండి. తల్లిదండ్రుల సంతకం కావాలి. ఇరవై మందికి ఒక టీచరు, కనీసం ఒక మేడమ్. అక్కడి పూజారితో, దర్గా ముజావర్‌తో, చర్చి ఫాదర్‌తో ముందురోజే మాట్లాడుకోండి: పది నిమిషాలు స్థలం గురించి చెప్పాలి, పిల్లల ప్రశ్నలు ఐదు, బొట్టు పెట్టడం, ప్రార్థన చేయించడం, పుస్తకాలు పంచడం ఉండకూడదు. ప్రసాదం తీసుకునేదీ మానేదీ పిల్లల ఇష్టం. తీసుకోని పిల్లవాణ్ని ఎందుకని అడగొద్దు.

కొన్ని చోట్ల ఆడపిల్లలు లోపలికి రాలేని రోజులుంటాయి, కొందరు ఇంట్లో వద్దన్నందుకు రారు. వాళ్లను విడిగా నిలబెడితే కారణం అందరికీ తెలిసిపోతుంది. అందుకే ముందే క్లాసును రెండుగా చేయండి: సగం మంది లోపల చూసేవాళ్లు, సగం మంది బయట ఉండి ప్లాన్ గీసేవాళ్లు. ఎవరు ఏ జట్టో పిల్లలే ఎంచుకుంటారు. బయటి జట్టుకు నిజమైన పని ఉండాలి: గోపురం, మినార్ లేదా గంట స్తంభం ఎటు ఉంది, తలుపు ఏ దిక్కుకు, నీళ్లు ఎక్కడ, చెప్పులు ఎక్కడ. తిరిగొచ్చాక రెండు జట్ల కాగితాలూ కలిపితేనే బొమ్మ పూర్తవుతుంది.

పెట్టెలో వచ్చే ప్రశ్నలు

మొదటి పీరియడ్ నుంచే అట్టపెట్టె బల్ల మీద ఉండాలి, చీటీల మీద పేరు రాయనక్కర్లేదు. అన్నీ మీరు ముందు ఇంట్లో చదువుకుని రండి, క్లాసులో అప్పటికప్పుడు తీసి చదవొద్దు.

"సార్, మీరు దేవుణ్ని నమ్ముతారా?" తప్పకుండా వస్తుంది. "అది నా సొంత విషయం. నేనేది చెప్పినా మీలో కొందరు అదే సరైన జవాబనుకుంటారు, అందుకే క్లాసులో చెప్పను" అనండి. నవ్వి దాటేస్తే ఇంకా గుచ్చి గుచ్చి అడుగుతారు.

"మా పాస్టర్ మిగతావాళ్లంతా నరకానికి పోతారన్నాడు, నిజమా?" దీనికి "కొందరు క్రైస్తవులు అట్లా నమ్ముతారు, నమ్మని క్రైస్తవులూ ఉన్నారు. చచ్చిపోయాక ఏమవుతుందో ఒక్కో మతం ఒక్కో రకంగా చెబుతుంది. ఎవరు ఎక్కడికి పోతారో ఈ క్లాసులో తేల్చం" అని చెబితే చాలు. పాస్టర్‌ను గానీ, పూజారిని గానీ, మౌల్వీని గానీ తప్పుబట్టొద్దు. ఇంటికాడ అదే మాట చేరుతుంది.

"వాళ్లు ఎద్దు మాంసం ఎందుకు తింటారు?" అని వస్తే తిండి నియమాల గడికి పొండి. యూదులు, ముస్లింలు పంది మాంసం తినరు, జైనులు చాలామంది భూమిలో పెరిగే దుంపలు తినరు, చాలామంది హిందువులు గొడ్డు మాంసం తినరు, కొందరు అసలు మాంసమే తినరు. నియమం ఎవరిది అనేది చెప్పండి, ఎవరిది గొప్పది అనే మాట రానివ్వొద్దు.

"చర్చిలో కులం ఉంటుందా, మసీదులో ఉంటుందా?" ఇది పిల్లలు కళ్లారా చూసి అడిగే ప్రశ్న. దాచొద్దు. బోర్డును రెండుగా గీసి, ఒక వైపు గ్రంథం ఏమంటుంది, ఇంకో వైపు ఊళ్లో ఎట్లా ఉంది అని రాయండి. అన్ని మతాలకూ అదే గీత గీయాలి. ఒక మతానికే గీస్తే అది పాఠం కాదు, తిట్టు అవుతుంది.

ఎనిమిదో పీరియడ్, మార్కులు

"'క'తో మొదలయ్యే సిక్కుల ఐదు గుర్తులను రాయండి" లాంటివి ఒకటి రెండు సరిపోతాయి. అసలు ప్రశ్నలు ఇట్లా ఉండాలి: హిందూ మతానికి స్థాపకుడి గడి ఎందుకు ఖాళీగా ఉంచాం? రంజాన్ పండగ 2026లో దాదాపు ఎప్పుడు రావాలి, లెక్క చూపండి. మొహర్రం గురించి ముస్లింల్లో ఉన్న రెండు అభిప్రాయాలు రాయండి. "ఏ మతం నీకు నచ్చింది, ఎందుకు?" అని మాత్రం ఏ పరీక్ష పేపర్లోనూ పెట్టొద్దు. పిల్లల సొంత విశ్వాసానికి మార్కులేసినట్టు అవుతుంది.

గొడవ వస్తే

ఎవరైనా బడికి వచ్చి "మా పిల్లలకు ఏం చెబుతున్నారు" అని గట్టిగా అడిగితే వరండాలో జవాబు చెప్పొద్దు. హెచ్ఎం గదిలో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, లెసన్ ప్లాన్, గోడ మీది షీట్లు, ప్రశ్నపత్రం చూపించండి. చాలాసార్లు పిల్లవాడు ఇంటికాడ చెప్పిన ఒక్క వాక్యమే దారిలో మారిపోయి ఉంటుంది. అందుకే ప్రతి పీరియడ్ చివర రెండు నిమిషాలు మిగిల్చి, ఈ రోజు ఏం నేర్చుకున్నామో పిల్లల నోట్సులో ఒక వాక్యం రాయించండి. ఇంటికాడ తండ్రి చూసేది అదే. క్లాసులో పిల్లలు వీడియోలు తీయడం ఆపండి. ఎనిమిది నిమిషాల మాటలోంచి పది సెకన్లు కోసి పంపితే ఎవరూ ఏమీ చేయలేరు.

పిల్లల మధ్య మతం పేరుతో ఎగతాళి జరిగితే మాత్రం మరుసటి రోజు దాకా ఆగొద్దు. ఆ సాయంత్రమే ఇద్దరినీ విడివిడిగా పిలిచి మాట్లాడి, అన్న మాటేదో తేదీతో సహా రిజిస్టర్లో రాసుకోండి. అదే మాట రెండోసారి వస్తే ఇద్దరి తల్లిదండ్రుల్నీ పిలిపించాలి, ఒకే రోజు కాకుండా.